నూకరత్నము చూడని స్టేటసు

నైరృతి మేఘములింకను గొండ దాటకమున్నే వాని రాకను జాటు సముద్రమారుతము విశ్వవిద్యాలయ మహిళా వసతిగృహపు కిటికీ తలుపులను బలుమాఱు మోఁదుచు నారవైచిన చున్నీలను ధ్వజపటములవలె నెగురవైచుచు భోజనానంతర నిద్రాసక్తలగు విద్యార్థినులకుఁ గునుకు దక్కనీయకుండెను.

అట్టి యపరాహ్ణమున మనోవిజ్ఞానశాస్త్రము నభ్యసించు వకుళ తన గదిలో మంచముపైఁ గూర్చుండి లేచి మరలఁ గూర్చుండి కరతలాలంకారమగు ఫోనును నూటయిరువదవసారి తెఱచెను. మూఁడుదినములుగా నామె కన్నము సయింపకుండెను. వక్తృత్వపు పోటీలో బహుమానమందుకొనుచున్న తన ఛాయాచిత్రమును స్టేటసుగాఁ బెట్టి యది యిరువదినాలుగు గంటల కారిపోవఁగా మరలఁ బెట్టి మరలఁ బెట్టెను. రెండువందల పదునొకండ్రు చూచిరి. ఎన్నఁడో యొకసారి యింటికి వచ్చిన గ్యాసుపొయ్యి మరమ్మతువాఁడును జూచెను. మూఁడు మూరల దూరమున నెదుటి మంచముపై నివసించు ప్రాణసఖి నూకరత్నము పేరు మాత్రము చూచినవారి పట్టికలో లేదు.

చూచితివా యని యడుగుట యాత్మగౌరవభంగకరమని తలఁచి యా బుద్ధిమంతురాలు గదియే మార్చుకొన నిశ్చయించెను. అందులకుఁ దోడి నివాసిని సంతకము వలయునని వార్డెనుగారి శాసనము. దరఖాస్తునఁ గారణమను గడిలో స్టేటసు సంగతి వ్రాసి చదువుకొనఁగాఁ దనకే సిగ్గు పుట్టి యొక్క గీతతోఁ గొట్టివేసి గదిలో గాలి తక్కువయని వ్రాసి పత్రమును సఖి ముందుంచెను. అప్పుడే కిటికీ తలుపు ఠపాలునఁ గొట్టుకొనెను.

నూకరత్నము కొట్టివేసిన పంక్తిని గూడఁ జదివెను.

“మూడుసార్లెట్టేవు. మూడుసార్లూ చూసేనే,” అనెను. “చూసినట్టు ఎవులికీ తెలీకుండా సెట్టింగ్ ఆపీసేను. నా స్టేటస్ ఎవులు చూసేరో లెక్కెట్టుకుని పోయిన సెమిస్టరంతా నాకు నిద్దర్లేదు.”

వకుళ కొట్టివేసిన పంక్తిని వ్రేలితోఁ గప్పెను.

“నువ్వు తిండి మానీసేవు. దుప్పట్లో ఏడిసేవు. అవీ చూసేను. నువ్వే చెప్తావులే అని ఊరుకున్నాను. సంతకం ఎక్కడెట్టాలి?”

వకుళ పత్రమును మెల్లగా లాగికొని నాలుగు మడతలు మడిచెను. నూకరత్నము మెస్సునుండి మూతపెట్టి తెచ్చిన పులిహోర గిన్నెను జరిపెను.

తన చిత్రమును జూచినవారు రెండువందల పదునొకండ్రు, మొగమును జూచినది యొక్కతెయే యని వకుళ కప్పుడు తెలిసెను. తెలిసిన వెంటనే యీ వాక్యము స్టేటసునకు మిక్కిలి చక్కగా నుండునే యని తోఁచి యామె వామహస్తము ఫోనువైపునకుఁ బ్రాకెను. నూకరత్నము చూచుచుండెను. హస్తము నడుమ నాఁగి గిన్నెను బట్టుకొనెను.