మంచినీళ్లతో కడిగిన కారు

నిమ్మచెక్క అరిగి తొక్క మిగిలింది. యేసన్న దాన్ని పారేసి ఇంకొకటి అందుకున్నాడు. పొద్దున్నుంచి రుద్దీ రుద్దీ వేళ్ల సందుల్లో చర్మం ఒరిసిపోయింది. నిమ్మరసం తగిలినప్పుడల్లా మండుతోంది. మిల్లు ముందరి రేకుల చూరు కింద నిలబెట్టిన నల్ల అంబాసిడర్ మీద మచ్చలు మాత్రం పోలేదు. బానెట్ నిండా, టాపు నిండా కందిగింజంత, శెనగబద్దంత ఉంగరాలు. తడిగుడ్డ వేస్తే మాయమవుతాయి. తడి ఆరితే మళ్లీ తేలతాయి.

"పోయినాయా?" మిల్లు షావుకారు వీరభద్రయ్య గద్దె మీద నుంచే అడిగాడు.

"పైన సున్నం పోయింది సామీ. అడుగున గుర్తు ఉండాది. రంగును తినేసినాది."

"సున్నం తినల్యా రంగును, నువ్వు తిన్నావు. నా కూడు తిని నా కారును తిన్నావు."

యేసన్న మళ్లీ వంగి రుద్దాడు. అతను వీరభద్రయ్య వేరుశనగ మిల్లులో మూటలు మోసేవాడు. కారు వచ్చాక దాన్ని కడిగే పని కూడా అతని మీదే పడింది. కూలి మాత్రం మూటలకే ఇచ్చేవాడు షావుకారు.

పోయిన వారం కారు గుంతకల్లు నుంచి ఎర్రదుమ్ము కొట్టుకుని వచ్చింది. మిట్టమధ్యాహ్నం, బానెట్ మీద చెయ్యి పెడితే కాలుతోంది. చల్లబడినాక కడుగుతానన్నాడు యేసన్న. ఇప్పుడే కడగమన్నాడు షావుకారు. కడగడానికి ఉన్నవి నాపరాతి నేలలో తవ్విన మిల్లుబావి నీళ్లు. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. కాచిన గిన్నెకు తెల్లగా పెచ్చు కడుతుంది. నీళ్లు పోసి ఇంకా గుడ్డ పెట్టకముందే, లారీ వచ్చింది, మూటలు దించమని కేకేశాడు షావుకారు. మూటలు దించి వచ్చేసరికి చుక్క చుక్కా ఎండలో ఎండి రంగులోకి దిగిపోయింది. ఆ వారం కూలి షావుకారు పట్టేసుకున్నాడు.

ఇప్పుడు తొందర వేరే. కరువు చూడడానికి అనంతపురం నుంచి మరునాడు ఆఫీసరు వస్తున్నాడు. ఈ దావల్లో జీపెక్కితే నడుములు విరుగుతాయని, తన కారులో తిరగమని వీరభద్రయ్య ముందే కబురు పెట్టాడు. కరువు పనుల కింద రోడ్డు మంజూరైతే కంట్రాక్టు ఎవరికో ఊళ్లో అందరికీ తెలుసు. ఊరి బయట, యేసన్న ఉండే పల్లెవాళ్ల ఆశ వేరు. వాళ్లు ఆఫీసరును బావి అడగాలనుకుంటున్నారు.

మధ్యాహ్నం దాటాక డ్రైవరు బయ్యన్న తాడిపత్రి నుంచి పాలిష్ మందు డబ్బా తెచ్చాడు.

"దీన్ని గుడ్డకు రాసి మెత్తగా రుద్దితే పైపొర అరిగి మచ్చ పోతాది. ఆనక కడిగేది మాత్రం మంచినీళ్లతోనే సామీ. ఈ బావినీళ్లు పోస్తే మల్ల ఇదే కత" అన్నాడు.

వీరభద్రయ్య మిల్లును ఆనుకున్న ఇంట్లోకి పోయి భార్యను అడిగాడు. సుశీలమ్మ గొంతు వాకిట్లోకి వినబడింది. "ఎద్దులబండి మీద పీపాలు తెప్పించుకునేది వంటకూ, దేవునికీ. ఆ నీళ్లు కారుకు పోస్తారా ఎవరన్నా? నేనియ్యను."

బయటికి వచ్చిన షావుకారు యేసన్న వైపు చూశాడు.

"మీ పల్లెలో చెలమ ఉండాదంట గదా, వంకలో?"

"అది తాగేదానికే చాలదు సామీ. అంత పల్లెకూ అదే."

"రెండు డబ్బాలకు ఎండిపోతాదా? తెస్తే తే. ల్యాకుంటే రేపట్నించి మిల్లుకు రావాకు."

యేసన్న కావడి భుజాన వేసుకున్నాడు.

ఊరి బావిలో తోడుకునే హక్కు పల్లెవాళ్లకు లేదు. వర్షాలు పోయి రెండేళ్లయింది. పల్లె పక్క వంకలో ఇసుక తోడి మనిషి లోతున చేసిన గుంతే వాళ్ల చెలమ. అడుగున నీళ్లు ఊరాలి, ఒక మనిషి దిగి కొబ్బరిచిప్పతో ముంచి కడవలో పోయాలి. కడవ నిండేసరికి పొద్దు కదులుతుంది. గట్టు మీద ఆడవాళ్లు కడవలు వరసలో పెట్టుకుని కూర్చున్నారు. గుంతలో యేసన్న భార్య అక్కమ్మ ఉంది. కాన్పుకు వచ్చిన కూతురు ఇంట్లో ఉంది. బాలింతకూ పసిగుడ్డుకూ నీళ్లు కాచాలి.

యేసన్న విషయం చెప్పాడు. వరసలో ముందున్న ముసలి హనుమక్క నవ్వింది. సంతోషమున్న నవ్వు కాదు.

"ఏమప్పా యేసన్నా, కారుకు దప్పికైతాందా?"

"పని పోతాదంటాండాడు పెద్దమ్మా."

"పోతాది. మా ఇండ్లల్లో అందరికీ పోయినాది. నీదొక్కటే మిగిలుండాది." ముసలామె తల తిప్పుకుంది. "ఆయప్ప బండి కడిగేదానికి మేము చిప్పతో తోడల్లనా!"

అక్కమ్మ గుంతలోనుంచి మొగుణ్ని చూసింది. అతని వేళ్లు చూసింది. నిండబోతున్న తన కడవను పైకి అందించింది.

"నాది పోసుకో. ఇంగొకరి వంతు అడగొద్దు" అంది.

"బిడ్డకో?"

"సాయంత్రం దాకా మల్ల కూసుంటా."

ఒక డబ్బా అలా నిండింది. రెండో డబ్బాకు ఎవరూ కడవ వంచలేదు. అక్కమ్మే మళ్లీ తోడింది. ఆడవాళ్లు తమ వంతు జరిగిపోతుంటే చూస్తూ కూర్చున్నారు. యేసన్నను తిట్టి ఉంటే అతనికి తేలికగా ఉండేది.

మిల్లులో పాలిష్ మందు రుద్దడం మొదలుపెట్టాక మచ్చలు ఒక్కొక్కటే మెత్తబడ్డాయి. ఒకచోట ఎక్కువ రుద్దితే కింది పొర బయటపడుతుందని బయ్యన్న హెచ్చరించాడు. యేసన్న గుండ్రంగా, నిదానంగా, పసిపిల్లకు నలుగు పెట్టినట్టు రుద్దాడు. పొద్దు వాలేసరికి బానెట్ మీద లోతుగా కొరికిన నాలుగైదు మచ్చలు తప్ప అన్నీ పోయాయి. మంచినీళ్లు పోసి కడిగాడు. మిల్లులో కాయలు చెరిగే ఆడవాళ్లు చేటలు ఆపి చూశారు. నీళ్లు నల్లటి రేకు మీద జారి, చక్రాల పక్కన నేల మీద పడి, పడిన చోటే ఇంకిపోయాయి. ఒకామె గొంతు తడుపుకున్నట్టు మింగింది. పొడిగుడ్డతో తుడిచేసరికి కారులో మిల్లు గోడ, రేకులు, యేసన్న మొహం కనిపించాయి. అతను ఆ మొహాన్ని చూడకుండా గుడ్డ పిండాడు.

"బాగుండాది" అన్నాడు షావుకారు. కూలి మాట ఎత్తలేదు. "రేపు ఆఫీసరు వెంట నువ్వూ బండెక్కు. దుమ్ము పడితే తుడవల్ల."

మరునాడు ఆఫీసరు కారు ఎక్కకముందే దాన్ని మెచ్చుకున్నాడు. ఊరు తిప్పి, ఎండిన చేలు చూపించి, చివరికి వీరభద్రయ్య ఆయన్ను పల్లెకు తెచ్చాడు. ముందు సీట్లో బయ్యన్న పక్కన యేసన్న గుడ్డ పట్టుకుని కూర్చున్నాడు. వంక గట్టున కారు ఆగింది. అతను దిగి బానెట్ మీద దుమ్ము తుడిచాడు. ఆఫీసరు వస్తున్నాడని పల్లెవాళ్లు తెల్లవారుజాము నుంచి చెలమ ముట్టలేదు. ఇంత సేపు ఊరినా ఎన్ని నీళ్లు చేరతాయో ఆయన కళ్లతో చూడాలని హనుమక్క చెప్పింది. కానీ అలా ఆగడం వల్ల అడుగున నీళ్లు చేరి తేటగా నిలిచాయి.

ఆఫీసరు గట్టు మీద నుంచి వంగి చూశాడు.

"నీళ్లు బాగానే ఉన్నాయే! తేటగా ఉన్నాయి కూడా."

"అవు సార్. నీళ్లకు పెద్ద ఇబ్బంది ల్యాదు. వీండ్లకు ల్యాంది పని. రోడ్డు ఒకటి వేయిస్తే బతికిపోతారు" అన్నాడు వీరభద్రయ్య.

"కాదు సారూ," హనుమక్క ముందుకు వచ్చింది. "అవి పొద్దుననంగా ఊరినవి. ఇంత పల్లెకు..."

"ఉండవే ముసలీ, పెద్దోళ్లు మాట్లాడుతాంటే!" షావుకారు కసిరాడు.

ఆఫీసరు కారు వైపు తిరిగి నవ్వాడు. "నిన్నటి నుంచి జిల్లా అంతా నీళ్లు లేవు, నీళ్లు లేవు అని వింటున్నాను. మీ ఊళ్లో కారు అద్దంలా మెరుస్తోంది. ఇక్కడ నీటి కరువు రాయమంటే ఎలా రాస్తానండీ?"

వీరభద్రయ్య కూడా నవ్వాడు. యేసన్నకు మొదట ఆ మాట అర్థం కాలేదు. మెరిసే బానెట్ వైపు చూశాక అర్థమయింది. అక్కమ్మ కడవ, కూతురి బిడ్డ నీళ్లు, వరసలో కూర్చున్న ఆడవాళ్ల వంతులు. వాటితో కడిగిన కారే వాళ్లకు నీళ్లున్నాయని చెబుతోంది. ఆ సాక్ష్యాన్ని తన చేతులతో తనే తోమి నిలబెట్టాడు. అతను గట్టు మీదున్న భార్య వైపు చూశాడు. ఆమె అతన్ని చూడడం లేదు, కారును చూస్తోంది.

ఆఫీసరు గడియారం చూసుకుని కారెక్కాడు. దుమ్ము పట్టిన ముందు అద్దం చూసి, "ఇది కాస్త తుడిపించండి, దారి కనబడదు" అన్నాడు.

"యేసన్నా! ఆ చెలమలోవి రెండు చిప్పలు ముంచి అద్దం కడుగురా" అన్నాడు వీరభద్రయ్య.

యేసన్న కదలలేదు.

"చెవుడా? బిన్నా పో, ఆలస్యమైతాంది!"

"అవి కడిగేటివి కాదు సామీ," అన్నాడు యేసన్న. గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "తాగేటివి."

"ఏమన్నావ్?"

"నిన్న కడిగినాను. ఆ పాపం చాలు. ఇయ్యాల కడగను."

ఆఫీసరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. బయ్యన్న స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. వీరభద్రయ్య మొహంలో రక్తం పొంగింది. ఆఫీసరు ముందు పెద్దగా అరవలేక పళ్లు బిగించి, "సాయంత్రం మిల్లుకు రావల్ల నువ్వు. ఆడ మాట్లాడతా" అన్నాడు.

యేసన్న చేతిలోని గుడ్డను బానెట్ మీద పెట్టాడు. వంకలోకి నడిచాడు. హనుమక్క జరిగి దావ ఇచ్చింది. అతను చెలమలోకి దిగి, చిప్ప అందుకుని, పైకి చెయ్యి చాచాడు.

"కడవ ఇయ్యి" అన్నాడు అక్కమ్మతో.

ఆమె ఇచ్చింది. మొదటి చిప్ప నీళ్లు ఖాళీ కడవ అడుగున పడిన చప్పుడయింది. గట్టు మీద కారు హారన్ మోగింది. ఆగి మళ్లీ మోగింది. ఆడవాళ్లలో ఒక్కరూ అటు తిరగలేదు. యేసన్న తల ఎత్తకుండా రెండో చిప్ప ముంచాడు.