పద్నాలుగో పేరు

లాయరు శైలజ ముందు కూర్చోగానే నేను అడిగిన మొదటి మాట, "మా ఆయన్ని జైల్లో ఏస్తారా మేడమ్?" అని. ఇలాంటివాళ్ళను రోజూ చూస్తుంది కాబోలు, తల కూడా ఎత్తలేదు.

"అప్పు కట్టలేకపోయినందుకు జైల్లో ఏయరమ్మా. ఎవరికన్నా చెక్కులిచ్చినారా?"

ఇచ్చాం. అంకె వేయకుండా సంతకం మాత్రం పెట్టి, ముగ్గురికి. నా మొహం చూసే ఆమెకు అర్థమైపోయింది. "అది వేరే కథ. దాని సంగతి తర్వాత చూద్దాం" అంది.

ఆమె ఆఫీసు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మూడో అంతస్తు. లిఫ్టు లేదు. నిజానికి ఆ మెట్లు ఎక్కవలసింది మా ఆయన మునినారాయణప్ప. మడివాళలో ఆడపిల్లలకు పీజీ హాస్టలు పెట్టిందీ, అది బాగా నడుస్తోందని పక్క బిల్డింగు కూడా లీజుకు తీసుకుందీ ఆయనే. కరోనాకు పిల్లలంతా ఊళ్ళకు వెళ్ళిపోయాక, ఓనరుకు అద్దె కట్టడానికి ఒకచోట, ఆ అప్పు తీర్చడానికి ఇంకోచోట చెయ్యి చాపిందీ ఆయనే. ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిరగడం నా వంతయింది. మగవాళ్ళ పరువు మంచమెక్కితే ఆడవాళ్ళ చెప్పులు అరుగుతాయి.

"మంచాలు కూడా ఎత్తుకుపోతారా?" అని అడిగాను.

"మీ ఇంట్లో వాడుకునే మంచాలు, వంటగిన్నెలు, మీ మెళ్ళో తాళి, వీటి జోలికి రారు."

"మాకు నలభై రెండు మంచాలుండాయి మేడమ్."

శైలజ అప్పుడు నవ్వింది. "అన్నిట్లోనూ మీరే పడుకుంటారామ్మా?" అంది. నాకు కూడా నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్ళయిందో గుర్తులేదు.

తర్వాత ఆమె ఒక తెల్లకాగితం నా ముందుకు తోసింది. దివాలా పిటిషన్ వేయాలంటే మేము ఎవరెవరికి ఎంతెంత ఇవ్వాలో, వాళ్ళ అడ్రసులతో సహా రాయాలట. ఒక్క పేరు కూడా వదలకూడదట. వాళ్ళందరికీ కోర్టునుంచి నోటీసు వెళుతుందట. బ్యాంకుతో మొదలుపెట్టి, సరుకుల కొట్టు, గ్యాసు, ఫోనులో అప్పులిచ్చేవాళ్ళు, మా ఆయన చిన్నాన్న కొడుకు ఓబులేష్ దాకా పదమూడు పేర్లు రాశాను.

"అంతేనా? ఇంట్లో పనిచేసేవాళ్ళకు ఏమన్నా ఇయ్యాల్నా?"

పెన్ను ఆగిపోయింది.

మా పీజీలో వంట చేసేది అక్కయమ్మ. కదిరి వైపు మనిషి. వంటింటి పక్క గదిలోనే ఉంటుంది. నెలకు పన్నెండు వేలు జీతం. అందులో తొమ్మిది తీసుకుని, "మూడు వేలు నీ కాడే ఉండనీమ్మా, నా కాడుంటే ఖర్చయిపోతాది" అనేది. కూతురు జ్యోతిని నర్సింగులో చేర్పించడానికి ఆ డబ్బు. మా వైపు ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు జీతం ఇలా దాచుకోవడం కొత్తేమీ కాదు, బ్యాంకుకంటే ఇంటావిడను నమ్ముతారు. నేనూ పసుపు డబ్బాలో వేసి, నోటుబుక్కులో రాసిపెట్టేదాన్ని. అరవై రెండు నెలలు.

పోయిన కార్తీకంలో ఫైనాన్సువాళ్ళు గేటు దగ్గర నిలబడి, పీజీ పిల్లలందరూ వింటుండగా మా ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టారు. వాళ్ళ నోళ్ళు మూయించడానికి పసుపు డబ్బా తెరిచాను. వాళ్ళు మళ్ళీ వచ్చారు, మళ్ళీ తెరిచాను. మూడోసారికి డబ్బాలో పసుపు వాసన తప్ప ఏమీ మిగల్లేదు. అరిచినవాళ్ళకు ఇచ్చాను, అడగనిదాని డబ్బు. అది అప్పు అని నాకప్పుడు తోచనే లేదు. ఇంటి మనిషి కదా అనుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

"ఒకామెకు మాత్రం ఎవరికీ తెలీకుండా నేనే ఇచ్చేస్తా మేడమ్. నా కమ్మలు అమ్మి" అన్నాను.

"ఇప్పుడు ఒకరికి చాటుగా ఇస్తే రేపు కోర్టు దాన్ని రద్దు చేయొచ్చు. ఆమెకు ఇంకా తలనొప్పి. పేరు రాయండమ్మా. రాయకపోతే కోర్టు లెక్కలో ఆమె ఉండదు."

రాశాను. అక్కయమ్మ. లక్షా ఎనభై ఆరు వేలు. అడ్రసు దగ్గర మా ఇంటి అడ్రసే రాయవలసి వచ్చింది.

కాగితాన్ని ఇంట్లో ఇంకోసారి సరిచూసుకుని తెమ్మంది శైలజ. నేను వచ్చేసరికి అక్కయమ్మ వంటింట్లో కింద కూర్చుని బీన్స్ నార తీస్తోంది. కరోనా తర్వాత తిరిగొచ్చిన పిల్లలు ఇరవై ముగ్గురే అయినా కూరకు అంతే తీరిగ్గా కూర్చుంటుంది. నేనూ ఎదురుగా కూలబడ్డాను.

"నీ పేరుతో కోర్టు కాగితం వస్తాది అక్కయమ్మా."

"నాకెందుకమ్మా? నేనేం చేస్తిని?"

"నువ్వేం చెయ్యలే. జ్యోతి కోసరం దాచిన దుడ్డు లేదు. గేటు కాడ అరిసినోళ్ళకి నేనే ఇచ్చేస్తి."

ఆమె చేయి ఆగింది. నేను ఏడుస్తున్నాను, ఆమె మాత్రం ఏడవలేదు. కాసేపటికి ఇంకో బీన్స్ కాయ తీసుకుంది.

"అయితే నేనూ అరిసుండాల్సింది" అంది మెల్లగా.

తిట్టినా బాగుండేది. పొయ్యి మీద చారు పొంగుతోంది. ఇద్దరం లేవలేదు.

"ఎంతని రాస్తివి?"

ఇన్నేళ్ళలో ఆమె ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. "లక్షా ఎనభై ఆరు" అన్నాను.

"రెండు వేలు ఎక్కువ రాస్తివి. ఉగాదికి కోక కొనేదానికి తీసుకుంటి కదా. కోర్టు కాగితమంటివి, తప్పుండకూడదు. కొట్టెయ్."

నా నోటుబుక్కులో లేని రెండు వేలు. పదమూడు మందీ వడ్డీకి వడ్డీ వేసి పెంచి చెప్పిన కాగితం మీద, తనకు రావలసింది తగ్గించి రాయించుకున్నది ఈమె ఒక్కతే. అంకె కొట్టేసి, లక్షా ఎనభై నాలుగు అని రాసి చూపించాను. ఆమెకు చదువు రాదు, అయినా వంగి చూసింది.

తర్వాత లేచి చారు దించింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"హూడిలో ఒక పీజీవాళ్ళు శానా దినాలుగా పిలస్తా ఉండారు. ఈ నెల కాంగానే పోతానమ్మా" అంది. "ఆడ జీతమంతా నా చేతికే ఇయ్యమంటా."