జెండా మోసేవాడి భార్య

నోట్లో గుండుసూదులు పట్టుకుని, సత్యవాణి ఒక పంట్లాం అంచును మడిచి మిషన్ సూది కిందికి తోసింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. చచ్చిపోయిన మనిషిని ఇంకొక్క సాయంత్రం ఎలా బతికించాలా అని మనసు కొట్టుకుంటోంది.

ఆ మనిషి నిజం మనిషి కాడు. మంత్రాలూ రెక్కల గుర్రాలూ ఉన్న ఒక లావుపాటి ఇంగ్లీషు నవలలో జెండా మోసే ముసలి సైనికుడు. ఆమె భర్త సుధాకరరావుకు అలాంటి పుస్తకాలంటే ప్రాణం. ఈ పరాయి దేశానికి వచ్చి తంజోంగ్ పగార్‌లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ట్రైన్‌లో అవే చదివాడు. షుగరు చూపు తీసుకుపోయాక ఆ పని ఆమె మీద పడింది. పొద్దున పుంగ్గోల్ నుంచి జురాంగ్ ఈస్ట్‌లోని ఈ బట్టలు కుట్టే షాపుకు వచ్చేటప్పుడు దారిలో కూడబలుక్కుంటూ చదవడం, సాయంత్రం ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని తెలుగులో చెప్పడం. గుంటూరులో బియ్యే ఇంగ్లీషు గట్టెక్కినందుకు ఇన్నాళ్ళకు శిక్ష పడిందని మొదట్లో నవ్వేది.

వంతెన మీద యుద్ధంలో ముసలివాడు చచ్చిపోయే అధ్యాయం వచ్చిన రోజునే డాక్టరు ఆమెను వరండాలోకి పిలిచాడు. ఇక మందులతో పనిలేదు, నొప్పి లేకుండా చూసుకుందాం అన్నాడు. ఆ సాయంత్రం 'చనిపోయాడు' అన్న మాట ఆమె నోట రాలేదు. "ఏట్లో దూకి, ఈదుకుంటూ ఒడ్డెక్కాడండీ" అనేసింది. అక్కడ మొదలైంది తంటా. తర్వాతి ప్రతి అధ్యాయంలోనూ వాణ్ణి ఎక్కడో ఒకచోట ఇరికించాలి, వాడి చేత నాలుగు మాటలు పలికించాలి.

ఈ పొద్దున చివరి అధ్యాయం చదివింది. యుద్ధం గెలిచారు. ఆ ముసలివాడి జెండా కర్రను అతని భార్యకిద్దామని రాణి నడిచివస్తుంది. అధ్యాయమంతా ఆ భార్య గురించే. ఒడ్డెక్కినవాడి కర్రను పెళ్ళాం చేతికి ఎందుకిస్తారు? ఎటునుంచి కత్తిరించినా ఆ అధ్యాయం సరిపోవడం లేదు. ఇది చాలదన్నట్టు నర్సు ఫోన్ చేసి పెందరాళే రమ్మంది. "ఆంటీ, టుడే కమ్ ఎర్లీ లా." ఎందుకని అడిగే ధైర్యం సత్యవాణికి లేకపోయింది.

షాపు నడిపే రుమానా వచ్చి పంట్లాం ఎత్తి చూపించింది. రెండు కాళ్ళూ కలిపి కుట్టేసి ఉంది.

"ఏమైంది సత్యక్కా, గట్ల పరేషాన్ ఉన్నవ్?"

సత్యవాణి సూదులు తీసి సంగతంతా చెప్పింది. రుమానాకు నవ్వొచ్చింది. "కిస్సానే కదా అక్కా, బతికించెయ్. ఎవ్వలడుగుతరు?"

"ఆయన అడుగుతారమ్మా. యుద్ధం గెలవగానే పుస్తకం ముగించేసే రచయిత దొంగంటారు. పోయినవాళ్ళ ఇళ్ళల్లో ఏమైందో చెప్పకపోతే అదేం ముగింపు అంటారు."

రుమానా నవ్వు ఆగిపోయింది. "గిది నేను ఇప్పి కుడ్త. నువ్వు పో అక్కా."

దారి పొడుగునా సత్యవాణి అబద్ధాన్ని వల్లె వేసుకుంది. ఆస్పత్రి లిఫ్టులో కూడా పెదవులు కదుపుతూనే ఉంది. సుధాకరరావు వినికిడి మిషన్ ఉన్న చెవి తలుపు వైపు తిప్పి, దిండుకు ఆనుకుని ఉన్నాడు. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. ఆమె కుర్చీని మంచానికి దగ్గరగా లాక్కుంది.

"చివరిదేనా?" అన్నాడు.

"చివరిదేనండీ." పుస్తకం తెరవకుండానే మొదలుపెట్టింది. "రాణీగారు ముసలాయన ఇంటికొచ్చారు. ఆయన గుమ్మంలో నిలబడి, ముందు భోంచెయ్యండమ్మా అన్నాడు..."

సుధాకరరావు చెయ్యి కాస్త పైకెత్తాడు. "సత్యా, వాడు వంతెన మీదే పోయాడు కదూ?"

"ఎవరు చెప్పారు?"

"ఒడ్డెక్కిన దగ్గర్నుంచీ వాడు అచ్చం నీలాగే మాట్లాడుతున్నాడు. కత్తి దూసినవాణ్ణి కూడా అన్నం తిన్నావా అని అడుగుతాడేంటి?"

సత్యవాణి నవ్వబోయి భోరుమంది. ఇన్ని వారాలూ ఆపుకున్నదంతా ఒక్కసారిగా వచ్చింది. ఏడుపు తగ్గేదాకా అతను ఆగాడు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పు. వాడి పెళ్ళాం ఏం చేసిందో వినాలి."

"ఇప్పుడెందుకండీ అదంతా?"

"నువ్వూ వినాలి."

ఆమె పుస్తకం తెరిచి ఒక్కో వాక్యమే చదువుతూ తెలుగులో చెప్పింది. ఎవరూ మంత్రం వేసి ముసలివాణ్ణి లేపలేదు. రాణి మెచ్చుకోలు మాటలు భార్యకు ఎక్కలేదు. ఆ కర్రను మూల పడేసింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ప్రతివాడి మీదా ఆమెకు మంటగా ఉంది. విజయం గురించి పాట కట్టినవాణ్ణి చీపురుతో తరిమింది. చలికాలమంతా అలాగే గడిచింది. ఎండ వచ్చిన రోజున తడిబట్టలు వేసే చోటు లేక, ఆ కర్రనే పెరట్లో పాతి తాడు కట్టింది.

"మన కిటికీ బయట బట్టలారేసే గెడలాగా" అన్నాడు సుధాకరరావు. మాట గాలిలా వచ్చింది.

"అవునండీ."

"తర్వాత?"

"తర్వాతేం లేదు. బట్టలు ఆరాయి. అయిపోయింది."

ముగింపు ఎలా ఉందో అతను చెప్పకుండా ఉండడు. ఆమె చెయ్యి పట్టుకుని ఎదురుచూసింది. తర్వాతి ఊపిరి కోసం కూడా ఎదురుచూసింది. కాసేపటికి నర్సు వచ్చింది. అతని మెడ మీద వేళ్ళు ఆనించి చూసి, "ఆంటీ" అని ఆమె భుజం నిమిరింది.

అతని కనురెప్పలు మూసి, నర్సు చెవిలోని వినికిడి మిషన్ తీసి సత్యవాణి అరచేతిలో పెట్టింది. దాన్ని ఆపాలని ఇద్దరికీ తోచలేదు. గుప్పిట మూయగానే అది సన్నగా ఈల వేసింది, ఎవరైనా ఏదైనా చెబుతారేమోనని ఇంకా వింటూ.