మబ్బు వంతు

తెల్లవారి ఆరింటికల్లా క్రిస్టినా తన పికప్ బండి అద్దం తుడిచి, టైర్లు కాలితో తన్ని చూసుకుని, ఆలూరు చుట్టుపక్కల చేలల్లో టమోటా పెట్టెలు ఎక్కించుకునేది. పత్తికొండ మార్కెట్లో దించి, మధ్యాహ్నం తిరుగుదారిలో ఎవరి వంతు ఉంటే వాళ్ళ చేను పక్కన ఆగేది. ఇంజన్ ఆర్పకుండా అరగంట కూర్చునేది. బండి వెనక వచ్చే మబ్బు ఆ అరగంటా ఆ చేనుమీద కురిసేది.

మబ్బు పెద్దదేమీ కాదు. చర్చి ముందు వేసే షామియానా అంత ఉండేది. బండి ఆగితే మాత్రం పలచగా సాగి చేనంతా పరుచుకునేది. కర్నూలులో కొత్త బండి తీసుకుని వస్తున్న రోజే, కోడుమూరు దాటాక, పొగగొట్టంలోంచి వచ్చిన ఆవిరి చెదిరిపోకుండా ముద్దకట్టి ఆమె వెంటబడింది. షోరూం ఆయన ముందే చెప్పాడు, నీలం మూత తీసి డెఫ్ అనే ద్రవం పోస్తూ ఉంటే పొగలోని విషం విరిగి నీళ్ళావిరి అవుతుందని. ఊరివాళ్ళు ఆ మాట విని సరే అనుకున్నారు. డీజిల్ బండికి ఈ యూరియా నీళ్ళేందని అడిగినవాళ్ళు ఉన్నారు గానీ, మబ్బు సంగతి ఎవరూ అడగలేదు. పోలీసులు బండి ఆపితే కాగితాలే అడిగేవాళ్ళు. ఎండ ఎక్కువగా ఉంటే మబ్బు నీడలోకి జరిగి అడిగేవాళ్ళు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు శాంతయ్య వంతుల జాబితా చదివేవాడు. చర్చికి రానివాళ్ళు కూడా ఆ వేళకు వచ్చి, బయట అరుగు మీద కూర్చుని తమ పేరు విని పోయేవాళ్ళు.

డెఫ్ పోసే పని క్రిస్టినా అన్న శామ్‌ది. మొగుడు వదిలేసి పోయాక ఆమె పుట్టింటికి వస్తే, "ఎవురి కాడా తల వంచాకు, నేనుండా" అన్నది అతనే. గుట్ట కింద బీడులో నెలపాటు, అడిగి తెచ్చిన పాత బండిలో స్టీరింగు నేర్పిందీ అతనే. కిటికీ మీద చెయ్యి వేసి బండి పక్కనే నడిచేవాడు. ఇప్పుడు ఇరవై లీటర్ల డబ్బా భుజాన పెట్టుకొచ్చి, గరాటా పెట్టి, చుక్క కింద పడకుండా పోసేవాడు. క్రిస్టినా ఏనాడూ డబ్బాలోకి తొంగి చూడలేదు. అన్న పోస్తుంటే చూడాల్సిన పనేముంది?

ఆ ఏడు ఆగస్టు వచ్చినా వాన లేదు. శామ్ వేసిన రెండెకరాల శెనక్కాయ, ఊడలు దిగే వేళకు వాడుముఖం పట్టింది.

"మ్మే, నాలుగు దినాలు మన చేను కాడనే పెట్టుకో బండి" అన్నాడు ఒకరోజు. "ఇంటి మనిషిని గదా."

"ఎట్లన్నా? బొజ్జన్న తాతది ఉండాది, ఆయప్ప తర్వాత ఇంగా తొమ్మిది మంది ఉండారు. నీ వంతు వచ్చే నెల."

"అవునులే. ఊరికే అడిగితి" అని శామ్ నవ్వాడు. ఆ నవ్వు చూసి క్రిస్టినా మనసు తేలికపడింది.

తర్వాతి సోమవారం స్టీరింగు ముందు ఒక దీపం వెలిగింది. అన్నకు చూపించింది.

"సెన్సారు అట్లనే సూపిస్తాది, కొత్త బండ్లన్నీ అంతే" అన్నాడు శామ్. "మొన్ననే డబ్బా నిండా పోస్తి గదా."

గురువారం బొజ్జన్న వంతు. మార్కెట్ నుంచి వస్తుంటే బండి ఎంత తొక్కినా వేగం ఎత్తుకోలేదు. శామ్ తన చేను దగ్గర రోడ్డు మీదకు వచ్చి చెయ్యెత్తాడు.

"సంగటి తెచ్చినా. తిని పో."

"తాత కాసుకోనుంటాడన్నా."

"ఐదు నిమిషాలు. ఇంజన్ ఆర్పు, సల్లబడనీ. పొద్దున్నుంచి తిరుగుతాండాది."

ఆర్పింది. ఇద్దరూ బండి నీడలో కూర్చుని తిన్నారు. శామ్ ఆమె పళ్ళెంలో పప్పు ఇంకో గరిటె వేశాడు. చేను చుట్టూ మోకాలెత్తు గట్లు కొత్తగా లేచి ఉన్నాయి, ఎర్రమట్టి ఇంకా తడి ఆరలేదు.

"గట్లు శానా బాగా వేసినావన్నా" అంది క్రిస్టినా. శామ్ తలొంచుకుని తింటూనే ఉన్నాడు.

చెయ్యి కడుక్కుని ఎక్కి తాళం తిప్పితే బండి కదలలేదు. మళ్ళీ తిప్పింది. మళ్ళీ. ఆలూరులో మెకానిక్ రంగనాథ్‌కు ఫోన్ చేస్తే గంటకు బైకు మీద వచ్చాడు. నీలం మూత తిప్పి చూస్తే అంచంతా తెల్లగా పెచ్చు కట్టి ఉంది. లోపలి నీళ్ళు కొంచెం సీసాలోకి తీసి ఎండకు పట్టాడు. కాసేపటికి అడుగున మట్టి దిగింది.

"ఇది డెఫ్ కాదక్కా. చేనుకు సల్లే యూరియా, బోరునీళ్ళలో కలిపినారు. పంపు పోయుండాది. లారీ మీదేసి కర్నూలుకు పంపాల్సిందే. ఎవురు పోసినారు?"

క్రిస్టినా అన్నవైపు చూసింది. శామ్ తల పైకెత్తి మబ్బును చూస్తున్నాడు. ఇంకా చుక్క రాల్చలేదు గానీ, అది చేనుమీద పలచగా పరుచుకుంటోంది. అప్పుడు ఆమె గట్లను మళ్ళీ చూసింది. వచ్చే నెల దాకా వంతు లేని చేనుకు, బండి ఇక్కడే ఆగుతుందని తెలిసినవాడు వేసిన గట్లు.

"నువ్వేనా?"

"బాగు చేపిస్తాలే మ్మే. బండి పాడైతే బాగవుతాది. చేను పోతే వస్తాదా?"

"అడిగింటే..."

"అడిగితి గదా!"

ఆ నీళ్ళు కూడా అన్న చుక్క కింద పడకుండానే పోశాడు. గరాటా తీశాక మూత బిగించి, పైన గుడ్డతో తుడిచాడు కూడా. ఆ రోజు తను పక్కనే నిలబడి, ఎండలో ఎందుకన్నా నీకీ తిప్పలు అని జాలిపడింది.

బండిలోంచి సంచీ తీసుకుని రోడ్డెక్కింది.

"యాడికి పోతాండావు? మ్మే, క్రిస్టినా!"

ఆమె వెనక్కి తిరగలేదు. పదడుగులు వేసిందో లేదో, శెనక్కాయ సాళ్ళ మీద నుంచి నీడ మెల్లగా జారడం మొదలుపెట్టింది. గట్టు దాటింది, బండి దాటింది. శామ్ పరుగెత్తి బండి వెనక గొట్టం పట్టుకుని ఊపాడు. బానెట్ మీద అరచేత్తో బాదాడు. మబ్బు దగ్గరికి ముడుచుకుని, నడుస్తున్న క్రిస్టినా వెనకే పోయింది. రంగనాథ్ తన పానాలు సంచిలో సర్దుకుంటూ, "అది బండిది కాదప్పా, అక్కదే" అన్నాడు.

బొజ్జన్న కొర్రచేను అక్కడికి రెండు మైళ్ళు. ముసలాయన తుండుగుడ్డ నెత్తిన వేసుకుని గట్టుమీదే కూర్చుని ఉన్నాడు.

"బండి యాడమ్మా?"

"సెడిపోయింది తాతా."

"పోనీలే. నువ్వొచ్చినావు గదా" అని ఆయన జరిగి చోటిచ్చాడు.

మబ్బు పరుచుకుని కురిసింది. ఎనిమిది నెలలుగా ఆ వానను అద్దం లోపల నుంచే చూసిన క్రిస్టినా మొదటిసారి తడిసింది. ఏడ్చింది. బొజ్జన్న కొర్రల వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆమె ఆ రోజే అన్న ఇంటినుంచి సామాను తెచ్చుకుని, చర్చి వెనక గదిలో దిగింది. కర్నూలు నుంచి బాగై వచ్చిన బండికి డెఫ్ తనే పోసుకుని టమోటాలు తోలుతోంది. వంతులకు మాత్రం నడిచే పోతోంది.

మరుసటి నెల శాంతయ్య జాబితాలో శామ్ పేరు చదివాడు. అందరూ క్రిస్టినా వైపు చూశారు. ఆమె మరుసటి మధ్యాహ్నం పోయింది. సగం ఎండిన శెనక్కాయ పక్కన నిలబడింది. అందరికీ కురిసినట్టే కురిసింది, అరగంటా. శామ్ టార్పాలిన్ పట్ట పట్టుకుని పరుగున వచ్చి, ఆమె నెత్తిమీద కప్పబోయాడు. క్రిస్టినా ఒకడుగు పక్కకు జరిగింది.

వాన సన్నబడ్డాక కొంగు పిండుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అన్నా అని తప్ప పిలవని మనిషిని చూసి, ఊళ్ళో ఎవరితోనైనా చెప్పే మాటే చెప్పింది.

"వంతు అయిపాయ, శామప్పా. పోయొస్తా."