పొలుసులకొచ్చిన అవార్డు

ఈశ్వరికి మొగుడి మీద ఫిర్యాదులు చాలానే ఉన్నాయి గానీ, అన్నిటికన్నా పెద్దది శాలువాల ఫిర్యాదు. మొగుడు యుగంధర్ గారి ల్యాబులో అవార్డు ఎవరికొచ్చినా సరే, శాలువా మాత్రం ఈశ్వరి బీరువాలోకే వస్తుంది.

ఆయన శ్రీకాకుళం దగ్గర ఒక యూనివర్సిటీలో బయోమెటీరియల్స్ ప్రొఫెసరు. అంటే ఒంట్లో విరిగినవాటికీ కాలినవాటికీ అతుకులు వేసే సరుకు తయారుచేయించే పెద్దమనిషి. ఆ ల్యాబులో ఒక ఆచారం. అవార్డొచ్చిన పిల్లలకు సభలో శాలువా కప్పుతారు. వాళ్లు వెంటనే దాన్ని తీసి గురువుగారికి కప్పి దండం పెట్టాలి. ఫొటోలో నిండుగా ఆయనే ఉంటారు. చీరలకు చోటు చాలక ఈశ్వరి ఓ శాలువాని గ్రైండరు మీద కప్పేసింది.

ఈసారి అవార్డు యమునది. నౌపడ అవతల సముద్రపుటొడ్డు పిల్ల. చేప పొలుసుల నుంచి కాలిన గాయాల మీద వేసే పలచటి పొర తీసింది. సన్మానం రోజు పొద్దున్నే గురువుగారు అద్దం ముందు నిలబడి ప్రసంగం వల్లిస్తున్నారు.

"పొలుసుల్లో ఇంత విలువుందని నాకు మొదటే తట్టింది..."

ఈశ్వరి చేతిలో అట్లకాడ ఆగింది.

"ఏటండీ, తట్టింది మీకా? 'ఇది ల్యాబా, చేపల బజారా' అని ఆ పిల్ల తెచ్చిన పొలుసులు పారబొయ్యమన్నదెవరు? నా ఫ్రిజ్జులో పెరుగు పక్కన చోటిచ్చాను గాబట్టి బతికాయవి!"

"అది పరీక్ష ఈశ్వరీ. తన పట్టుదల చూద్దామని."

"ఓహో! మరి ఇంట్లో ముక్కుకి కర్చీఫు కట్టుకుని తిరిగినారు, అదెవరికి పరీక్ష?"

ఆయన టై సరిచేసుకున్నారు. గోడకి చెప్పినా ఇంత సున్నం రాలేది. ఈ మాట సభలో అంటే రేపు పేపర్లో పడుతుంది. ఎల్లుండి యమున ఉద్యోగానికి వెళ్తే, 'ఆలోచన మీ గురువుదట కదా' అంటారు. కష్టం పిల్లదీ, బుర్ర ఈయనదీ అయి కూర్చుంటుంది.

సభలో ఆయన అన్నంత పనీ చేశారు. కప్పిన శాలువా అంచు నలుపుకుంటూ యమున తల దించుకుంది. ఈశ్వరికి ఒళ్లు మండిపోయింది. ముందు వరసలోంచి లేచి, "యమున తల్లి కూడా వచ్చింది కదా, నాలుగు మాటలు చెప్పించండి" అంది.

ఊళ్లమ్మట చేపలమ్మే తవిటమ్మ మైకుని గట్టిగా పట్టుకుంది.

"నాకు మాటాడ్డం రాదు బాబూ. పొలుసులు పారబొయ్యమన్నారని మా పిల్ల ఏడుసుకుంటా ఇంటికొచ్చినాది. నానూ తిట్టినాను. 'ఇంత సదివినా మల్లీ ఆ కంపేటే? అయ్యగోరు సెప్పినట్టు ఇను, ఆ పని మానీ' అన్నాను. తప్పు నాదే. ఒసే యమునా, మనసులో ఎట్టుకోకే."

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆచారం ప్రకారం యమున శాలువా తీసి గురువుగారి భుజం దాకా తెచ్చింది. ఆయన భార్యవైపు చూశారు. ఈశ్వరి ఫ్యానువైపు చూస్తోంది. ఆయన శాలువాని తిరిగి ఆ పిల్ల భుజాలకే కప్పి, మైకు అందుకున్నారు.

"ఆవిడ తప్పేం లేదండీ. పొలుసులు కంపు కొడుతున్నాయని పారబొయ్యమన్నది నేనే. ఆలోచన పూర్తిగా యమునది. నాకు తట్టిందన్నది అబద్ధం. తప్పు నాది."