పదకొండో మలుపు, ముప్పై నాలుగు ఫైళ్ళు

నేను ముప్పై ఏళ్ళు కొండదారిలో బస్సు నడిపాను. ఆ దారిలో పదకొండో మలుపు ఎంత ఇరుకంటే, వెనక సీటువాడు కిటికీలోంచి చెయ్యి చాపి డ్రైవరు భుజం తట్టి టైమెంతని అడగవచ్చు. ఎంతటి డ్రైవరైనా అక్కడ రెండు మూడుసార్లు బండి వెనక్కి తీసి తిప్పవలసిందే. నేను మాత్రం ఒక వానరోజున ఒక్క పట్టున తిప్పేశాను. ఈ సంగతి వినయంగా, వారానికి రెండుసార్లకు మించకుండా చెబుతూ వచ్చాను.

సాక్షి ఒక్కడే. మా బావ. మా ఆవిడకు అన్న, నా బస్సుకు కండక్టరు. ఎవరైనా అడిగితే, ఆ రోజు ఒళ్ళు వెచ్చబడి వెనక సీట్లో నిద్రపోయాననీ, చూడలేదనీ అంటాడు. నలభై ఏళ్ళుగా అదే మాట. నిజమనడు, అబద్ధమనడు.

మొన్న బావ మా ఇంటికి వచ్చి నాలుగు రోజులున్నాడు. వెళ్ళేరోజు పొద్దున కాఫీ దగ్గర నేను మలుపు ఎత్తుకోగానే మా ఆవిడ గ్లాసు ఠక్కున బల్లమీద పెట్టింది. ఆ మలుపు తిరిగీ తిరిగీ తనకు వాంతులొస్తున్నాయంది. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. సాయంత్రం నాలుగున్నరకు బావ స్టేషనుకు బయలుదేరాలి. ఈలోగా కళ్ళముందే తిప్పి చూపిస్తాను, చూపించలేకపోతే ఈ జన్మలో ఆ కథ ఎత్తనని మాట ఇచ్చేశాను.

సొరంగం తవ్వాక ఆ పాత దారి మూసేశారు. కానీ మా ఇంట్లో కంప్యూటరుంది, అందులో బస్సు నడిపే ఆటుంది. కిందటేడు బావ కూతురు స్టీరింగూ పెడళ్ళతో సహా తెచ్చి బిగించింది. ఆ ఆటకు ఎక్కడెక్కడి వాళ్ళో కొత్త బస్సులూ కొత్త దారులూ తయారుచేసి పంచుతుంటారు. వాటిని మాడ్‌లంటారు. ఎవడో పుణ్యాత్ముడు మా కొండదారినే అంగుళం తేడా లేకుండా మాడ్ చేశాడట. వారం కిందట పిల్ల ఆ ఫైళ్ళన్నీ ఒకే మూటగా కట్టి కంప్యూటరుకు పంపి, తగిలించడం పావుగంట పని అంది.

పావుగంటలో నేను ఇంజను విప్పి మళ్ళీ బిగించినవాణ్ణి. ఇదెంత అనుకున్నాను.

మొదటిసారి ఆటలో ఆ దారి జాడే లేదు. పిల్లకు ఫోను చేశాను. మూట విప్పినప్పుడు ఫోల్డరులో మళ్ళీ అదే పేరుతో ఇంకో ఫోల్డరు వచ్చి ఉంటుందనీ, లోపలిదాన్ని బయటికి తీసి పెట్టాలనీ చెప్పింది. తీసి పెట్టాను. ఈసారి దారి పేరు వచ్చింది, పక్కన ఎర్ర గుర్తుతో. మాడ్ పాతది, ఆట కొత్తది, ఆటను పాతదానికి మార్చాలంది పిల్ల. అది దిగడానికి గంటన్నర. మా డిపోలో డీజిల్ పట్టే కుర్రాడు కూడా ఇంత నిదానంగా పట్టేవాడు కాదు.

అన్నం తిని వచ్చి నొక్కాను. దారి తెరుచుకుంది. దారి ఉంది, కింద నేల లేదు. చెట్లు గులాబీరంగులో గాలిలో వేలాడుతున్నాయి. నా బస్సు రెండు క్షణాలు ఆలోచించి, ఆకాశంలోంచి కిందికి పడడం మొదలుపెట్టింది. నేను లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను. ఇంకా పడుతూనే ఉంది.

అంతా చెరిపి, మూట మళ్ళీ విప్పి, మళ్ళీ పెట్టాను. ఆట మొదలుపెట్టేలోగా మా ఆవిడ ఆరిన బట్టలు తియ్యమని కేకేస్తే మేడ మీదికి వెళ్ళి వచ్చాను. మళ్ళీ ఆకాశమే. మూడోసారి విప్పి పెట్టి, ఫోను చార్జింగుకు పెట్టి వచ్చాను. మళ్ళీ ఆకాశమే. టైము మూడూ ముప్పావు. బావ మాత్రం పక్క కుర్చీలో సంచి సర్దుకుని, తీర్థం పుచ్చుకున్నవాడిలా ప్రశాంతంగా ఉన్నాడు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి మజ్జిగ తాగుతూ, బస్సు ఇంకా లోయలోనే ఉందా అని అడిగింది. నేను పెడలును కాలితో తన్నాను. పెడలుకేం కాలేదు.

మళ్ళీ పిల్లకు ఫోను చేస్తే, ఆ ఫోల్డరులో ఉన్న ఫైళ్ళ పేర్లు చదవమంది. చదివాను. మొదటిది దారి పేరే. ఆ తర్వాత ఒకటి, రెండు, మూడు, నాలుగు.

పిల్ల నాలుగు దగ్గరే నన్ను ఆపేసింది.

"మావయ్యా, వాటికి ఆ పేర్లు ఎవరు పెట్టారు?"

నేను బావ వైపు తిరిగాను. మా బావ రిటైరయినా లోపలి కండక్టరు రిటైరవలేదు. మా ఇంట్లో కుర్చీలకు నెంబర్లు వేసింది ఆయనే, వంటింటి డబ్బాలకు వేసింది ఆయనే. ఫోటోలకు పేర్లు మార్చడం కూతురు నేర్పిన దగ్గర్నుంచి కంప్యూటరునూ వదలడం లేదు.

"నేనే బావా," అన్నాడు. "ముప్పై నాలుగు ఫైళ్ళు. ఒక్కదానికీ సీటు నెంబరు లేదు. ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు కూర్చున్నారు. నువ్వు లేచినప్పుడల్లా వేశాను, వచ్చేసరికి మళ్ళీ పోతున్నాయి. నువ్వే చెరుపుతున్నావా?"

"మరి మొదటిదానికి వెయ్యలేదేం?"

"అది డ్రైవరు. డ్రైవరుకు నెంబరేంటి?"

అందుకే దారి పేరు వస్తోంది, నేల రావడం లేదు. మిగతా ఫైళ్ళను పాత పేర్లతో వెతుక్కుని ఆట దిక్కులు చూస్తోంది. ఫోనులో పిల్ల నవ్వు ఆపుకోలేక పెట్టేసింది. నాకు నవ్వు రాలేదు. నాలుగోసారి మూట విప్పాను, బావ చేతులు రెండూ ఆయన ఒళ్ళోనే ఉండేలా చూసుకుంటూ.

నాలుగూ పదికి నేల వచ్చింది. అదే కొండ, అదే విరిగిన మైలురాయి. పదో మలుపు దగ్గరి స్టాపులోంచి బయలుదేరాను. మా ఆవిడ బావ టిఫిను డబ్బా కడుగుతూ వంటింట్లో ఉంది. పదకొండు వచ్చింది. స్టీరింగు పూర్తిగా కోశాను, అంటే చివరికంటా తిప్పేశాను. ముక్కు కొండవైపు దూసుకుపోయింది, వెనక చక్రం అంచుకు వచ్చేసింది.

బావ ఎప్పుడు లేచాడో, నా వెనక నిలబడి కుర్చీమీద వేలితో తట్టాడు.

"ఆగు. వెనక్కి రా. రా, రా. చాలు. కొయ్యి."

నా చేతులు నన్ను అడగలేదు. ఆయన చెప్పినట్టు రెండుసార్లు వెనక్కి తీసి, మూడోసారికి తిప్పేశాయి. ఎక్కడ ఆగాలో, ఎంత కొయ్యాలో వాటికి ముందే తెలుసు. ఆయన గొంతుకూ తెలుసు, ఆ వానరోజు నుంచీ. మలుపు దాటాక బస్సు ఆపి కూర్చున్నాను.

"ఆ రోజు నిద్రపోయానన్నావు," అన్నాను.

బావ సంచి భుజాన వేసుకున్నాడు. బయట కారు హారను వినిపించింది. మా ఆవిడ డబ్బా తుడుచుకుంటూ వచ్చి తెర వైపు చూసింది.

"తిప్పాడా అన్నయ్యా?"

"తిప్పాడు."

"వెనక్కి తియ్యకుండానే?"

బావ జేబురుమాలు తీసి కళ్ళద్దాలు విప్పాడు.

"అద్దాలు తుడుచుకుంటున్నానమ్మా," అన్నాడు. "చూడలేదు."