చక్రం కింద చెక్క

దేవదానం రిక్షాను జూట్‌మిల్లు గేటుకు ఎదురుగా తిప్పి, సీటు కిందనుంచి చెక్కముక్క తీసి వెనకచక్రానికి ఆనించాడు. అరచేతిలో ఇమిడే ముక్క. నల్లగా, అంచులు అరిగిపోయి ఉంది. కొల్లేట్లో వాళ్ళ నాన్న నడిపిన తాటిదోనె పుచ్చిపోయాక, గట్టిగా మిగిలిన చోటు చూసి కోసుకున్నాడు.

"కనపడుతోందాండీ టీచరమ్మగారూ?"

"మిల్లు పొగగొట్టం కనపడుతోంది. చాల్లే."

పక్షవాతంతో ప్రసన్నకుమారి టీచరుగారి కాళ్ళు పడిపోయినప్పటినుంచి, శనివారం శనివారం ఆవిడకు పాత ఏలూరు చూపించడం అతని పని. ఊళ్ళో చూడదగ్గ ప్రతిదానికీ మెట్లే. చర్చికి మెట్లు, లైబ్రరీకి మెట్లు. ఆవిడ ఏదీ ఎక్కలేరు. అందుకని ఆగిన చోటల్లా సీటును ఆవిడ చూపుకు తిప్పి, చెక్క పెట్టి, పక్కన గొంతుకూర్చుని బీడీ ముట్టిస్తాడు. తనివితీరా చూసి ఆవిడ "ఊఁ" అన్నాక చెక్క తీస్తాడు.

కాలువ వంతెన మాత్రం ఏడాదిగా ఎక్కలేదు. ఆ ఎక్కుడు దగ్గర ఎవరైనా రిక్షా దిగి నడుస్తారు. ఆవిడకు దిగే వీల్లేదు, అతనికి ఊపిరి అందడంలేదు. ఇద్దరూ ఆ మాట ఎత్తేవారు కాదు.

రేపు ఆవిడ తాడేపల్లిగూడెం వెళ్ళిపోతున్నారు, చెల్లెలు విక్టోరియా ఇంటికి. ఇక రారు.

"రోజూ వంతెన దాటి బడికెళ్ళేదాన్ని. ఒక్కసారి పైనుంచి నీళ్ళు చూడాలనుంది దేవదానం. కుదరకపోతే వద్దులే."

"ఎందుక్కుదరదండీ."

పొద్దున్నుంచీ ఎడమభుజంలో ఏదో మెలిపెడుతోంది. అమృతాంజనం రాసుకుని వచ్చాడు. ఆ సంగతి చెప్పలేదు.

వంతెన మొదట్లో సెల్‌ఫోన్ల కొట్టు ముందు ఆటో ఆపుకుని ఉన్న చంటి నవ్వాడు. "ఏం బాబాయ్, ఈ బండిని మ్యూజియం వాళ్ళింకా అడగలేదా? అమ్మగార్ని ఇలా ఎక్కించు, చిటికెలో దాటించేత్తాను."

"దాటడానికి కాదురా, ఆగడానికి. నడిమధ్యలో ఆపుతావా?" అన్నారు టీచరుగారు.

"ఎనకాలోడు గుద్దేత్తాడండి బాబూ!"

దేవదానం దిగాడు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి సీటు కమ్మీ మీద వేసి, ముందుకు వంగి లాగాడు. లారీలు హారన్లు కొట్టాయి. ఎక్కుడు అయిపోయే చోట బండిని పిట్టగోడ వారకు తెచ్చి, చెక్క ఆనించి, కదలకుండా కాలితో తన్ని చూశాడు.

"చూడండమ్మా."

గుర్రపుడెక్క ఆకుల సందుల్లో కాలువ కనిపించింది.

"నీళ్ళు నల్లబడిపోయాయి దేవదానం."

"నల్లబడినా నీళ్ళేనండీ."

చక్రానికి వీపు ఆనించి కూలబడి, చెవి మీది బీడీ తీశాడు.

ఆవిడ చాలాసేపు చూశారు. "ఊఁ" అన్నారు.

అతను చెక్క తియ్యలేదు.

"ఊఁ, పద."

వెలిగించని బీడీ అతని వేళ్ళలోంచి జారి దొర్లింది. ఆవిడ వంగి అతని భుజం మీదికి చెయ్యి చాపారు. అందలేదు. కదిలిన కొద్దీ బండి పల్లానికి దొర్లబోయింది, చెక్క ఆపింది. "చంటీ! ఒరే చంటీ!" అని బడిలో పిలిచినట్టు గొంతెత్తి అరిచారు.

దేవదానాన్ని చంటి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ చెయ్యడానికేమీ లేకపోయింది. టీచరుగారిని నలుగురు ఎత్తి ఇంకో ఆటోలో కూర్చోబెట్టారు. పొద్దువాలుతుండగా ఎవరో రిక్షాను నెట్టుకుపోయారు.

పిట్టగోడ వారన తాటిచెక్క ఉండిపోయింది, టైరు ఆనిన గాడి పైకి తిరిగి.